స్టేషనులో ఉన్న తుపాకి

డల్లాస్ దగ్గర ఉంటున్న మా బావ తుపాకి కొంటానన్నప్పటి నుంచి ఉదయగిరిలోని మా ఇంటికి ఏ ఫోను వచ్చినా అదే చర్చ. అక్కడికి దగ్గరలోనే ఆలెన్ అనే ఊళ్లోని ఒక మాల్‌లో 2023 మే 6న ఎనిమిది మందిని కాల్చి చంపారు. వారిలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. అక్కడున్న వాళ్లలో ఒక్కరి దగ్గర తుపాకి ఉన్నా ఆపేవారు కదా అని బావ అంటారు. హంతకుణ్ణి కాల్చిన పోలీసు వేరే పని మీద వచ్చి ఆ సమయానికి అక్కడే ఉన్నారు. శిక్షణ ఉన్న మనిషి, చేతిలో ఆయుధం ఉన్న మనిషి అంత దగ్గరలో ఉండి కూడా ఎనిమిది ప్రాణాలు పోయాయి.

అయినా బావది మూర్ఖపు వాదన అని నేను అనను. పౌరులకు ఆయుధాలు ఉంచుకునే హక్కునిస్తూ అమెరికా రాజ్యాంగంలో 1791లో చేర్చిన రెండో సవరణ వెనుక, ప్రభుత్వం చేతిలోనే ఆయుధాలన్నీ ఉంటే పౌరుడి గతేమిటన్న భయం ఉంది. ఆ భయం మనకూ తెలియనిది కాదు. యూరోపియన్లకు మినహాయింపునిచ్చి మన వాళ్లను నిరాయుధులను చేసిన 1878 నాటి చట్టాన్ని, బ్రిటిష్ పాలన చేసిన అకృత్యాలన్నిటిలో అత్యంత నల్లనిదిగా చరిత్ర చూస్తుందని గాంధీజీయే 1918లో రాశారు. మా కొండ కింది పల్లెల్లో అడవి పందులు ఒక్క రాత్రిలో వేరుశనగ చేను దున్నేసి పోతే, తెల్లారి గట్టు మీద కూర్చున్న రైతుకు అహింస గురించి చెప్పే ధైర్యం నాకు లేదు. 1959 నాటి మన ఆయుధాల చట్టం కూడా పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చంటుంది. అది పలుకుబడి ఉన్నవాడికి దొరికినంత సులువుగా చేను పోయినవాడికి దొరకదన్నది వేరే సంగతి.

నా అభిప్రాయం మాత్రం మా పెదనాన్న దగ్గర ఏర్పడింది. ఆయనకు లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ ఉండేది. 2019లో ఎన్నికల కోడ్ రాగానే దాన్ని పాత పంచెలో చుట్టి, మోపెడ్ మీద తీసుకెళ్లి స్టేషనులో అప్పగించి వచ్చారు. ఆ నెలలోనే పక్క పొలం ఆయన హద్దురాయి జరిపాడని తెలిసింది. పెదనాన్న వణికిపోతూ ఇంటికి వచ్చి, నేరుగా వెళ్లి పెట్టె తెరిచారు. అందులో నూనె గుడ్డ, స్టేషను వాళ్లిచ్చిన రసీదు తప్ప ఏమీ లేవు. ఆ రసీదు చేత్తో పట్టుకొని ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డారు. పెద్దమ్మ మజ్జిగ ఇస్తే తాగారు. తర్వాత సర్వేయరు వచ్చి కొలిస్తే న్యాయం ఆయన వైపే ఉందని తేలింది. అంటే ఆయన మంచివాడు, పైగా ఆయన చెప్పిందే నిజం. అయినా ఆ రోజు ఆ పెట్టె ఖాళీగా ఉండబట్టే ఆయన జైలుకు వెళ్లలేదు, అవతలి ఇంట్లో పిల్లలకు తండ్రి మిగిలాడు.

మంచివాళ్ల దగ్గర తుపాకులుంటే తప్పేమిటని అడిగేవారు మనుషులను మంచి, చెడు అని విడదీస్తారు గానీ, మంచివాడి కోపానికి ఉండే ఆ పది నిమిషాలను లెక్కలోకి తీసుకోరు. దుఃఖానికీ అలాంటి నిమిషాలే ఉంటాయి. అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. చావాలనుకున్నవాడు ఇంకో దారి వెతుక్కుంటాడనడం తేలిక. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు గణనీయంగా తగ్గాయి. పురుగుమందు డబ్బా వసారాలోనే ఉండే మన రైతు ఇళ్లలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్ అనే చోట కాల్పుల్లో 35 మంది చనిపోయాక చట్టం బిగించి, సుమారు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అమెరికాలో అలా జరుగుతుందన్న ఆశ నాకు లేదు. బావ ఉండే టెక్సాస్ రాష్ట్రంలోనైతే 2021 నుంచి 21 ఏళ్లు నిండిన చాలామంది అనుమతి పత్రం లేకుండానే తుపాకి వెంట తిప్పుకోవచ్చు.

అందుకే బావతో ఒక్క మాటే అన్నాను. కొనక తప్పదనుకుంటే కొనండి, కానీ బీరువా తాళం అక్క దగ్గర ఉంచండి, ఎందుకని అడిగే హక్కు ఆమెకు ఇవ్వండి అని. తుపాకి కొనడానికి అక్క ఒప్పుకొంది. తాళం ఇవ్వడానికి బావ ఇంకా ఒప్పుకోలేదు.