సోలోకి చివరి పాదం రాసివ్వండి

హైదరాబాద్‌లో ప్రోగ్రెసివ్ జాజ్, ఫ్యూజన్ వాయించే బ్యాండ్లకు వేళ్లలో వేగం ఉంది, కొరతల్లా రచనలోనే. 7/8 తాళంలో వేళ్లకు కష్టమైన యూనిసన్ (అందరూ ఒకే స్వరాలు కలిసి వాయించే ముక్క) రాసుకుని నెలలపాటు సాధన చేస్తారు. అది కాగానే ఒకే కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద గిటారిస్టును సోలోకి, అంటే ఒంటరిగా అప్పటికప్పుడు అల్లుతూ వాయించడానికి, వదిలేస్తారు. ఐదు నిమిషాలయ్యాక ఎలా ముగించాలో తెలియదు. డ్రమ్మర్‌కి తలూపి, మళ్లీ మొదటికి. రాసిన ముక్కకీ అప్పటికప్పుడు అల్లిన ముక్కకీ చుట్టరికమే లేదు.

చిక్కడపల్లి గానసభలో అవధానం చూసినవాళ్లకు దీనికి జవాబు తెలుసు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు (ప్రశ్న వేసేవాడు) సాధారణంగా పద్యం చివరి పాదం ముందే ఇచ్చేస్తాడు. తక్కిన మూడూ అవధాని అప్పటికప్పుడు అల్లాలి. ఆ పాదానికి ఎలా చేరతాడా అని సభంతా ఊపిరి బిగబట్టి వింటుంది.

జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’లో రాసింది కొంచెమే: 16 బార్లు (తాళం చుట్లు) D డోరియన్ అనే స్వరవరుస, 8 బార్లు అదే వరుస అరమెట్టు పైన E ఫ్లాట్‌లో, తిరిగి 8 బార్లు D. కానీ 17వ బార్‌లో అరమెట్టు పైకి ఎక్కక తప్పదు. సోలో అంతా ఆ మలుపును కనిపెట్టుకునే నడుస్తుంది. 1963లో జాజ్ బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ పదకొండుమంది బృందంతో చేసిన ‘ది బ్లాక్ సెయింట్ అండ్ ది సిన్నర్ లేడీ’లోనైతే సోలో వెనకాలే బూరలు పొరలు పొరలుగా పేరుకుని దాన్ని ముందుకు తోస్తాయి.

మన చేతిలో ఇంతకన్నా పదునైన పనిముట్టు ఉంది: ముక్తాయింపు, అంటే ఒక పదాన్ని (చిన్న లయ ముక్కని) మూడుసార్లు వాయించి లెక్క ప్రకారం ముగించడం. 4/4లో రెండు బార్లకు 32 మాత్రలు, ఆదితాళం ఒక ఆవర్తనమూ (పూర్తి చుట్టూ) అంతే. ఏడు మాత్రల పదం మూడుసార్లు, నడుమ రెండేసి మాత్రల విరామం, మొత్తం 25. కాబట్టి సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) నుంచి 7 మాత్రలు వదిలి ఎత్తుకుంటే సరిగ్గా తర్వాతి సమంలో దిగుతుంది. పాట ఎత్తుగడ సమం దాటిన రెండు మాత్రలకైతే 9 వదలాలి. ఆ పదాన్ని మొదటిసారి సోలో వాద్యం ఒక్కటే, రెండోసారి డ్రమ్స్ తోడు, మూడోసారి బేస్‌తో సహా అందరూ. తప్పేది ఎక్కడంటే, ఊపులో సమం నుంచే ఎత్తుకుంటారు, ఏడు మాత్రలు ముందే వచ్చి పడతారు. అందుకే ఒక ఆవర్తనం ముందుగా, అందరూ ఒప్పుకున్న చిన్న పదం వాయించాలి. ఆ గుర్తు చెవికి వినపడాలి. తలూపితే డ్రమ్మర్ చూస్తాడన్న భరోసా లేదు.

రాత పెరిగితే స్వేచ్ఛ పోతుందంటారు కొందరు. పేజీల కొద్దీ యూనిసన్ విషయంలో అది నిజమే, దాన్ని సగానికి కోయండి. మిగిలిన కాగితం మీద సోలో చేరాల్సిన చోటు రాయండి.

అసలు జబ్బు మన సంగీత పాఠాల్లో ఉంది. చాలాచోట్ల కల్పనస్వరాలు (పాట మధ్య అప్పటికప్పుడు అల్లాల్సిన స్వరాలు) నోటుబుక్కులో రాయించి బట్టీ పట్టిస్తున్నారు, వేదిక మీద అదే మనోధర్మంగా, అంటే సొంత కల్పనగా, చెల్లిపోతోంది. అప్పటికప్పుడు పుట్టాల్సింది కంఠస్థం, లెక్క తెలియాల్సిన ముక్తాయింపేమో గురువుగారి సైగ మీద. ఆ పిల్లాడే రేపు గిటారు పట్టుకుంటే ఒకే కార్డ్ మీద దారితప్పక ఏం చేస్తాడు? రాంకోటి సంగీత కళాశాల నుంచి పేటలో ట్యూషన్ల దాకా ఒక పరీక్ష పెట్టాలి. ముక్తాయింపు చేతికిచ్చి, రాగం అప్పుడే చెప్పి, నాలుగు ఆవర్తనాల్లో దానికి చేరమనాలి. తప్పితే ఇంకో రాగంలో మళ్లీ. నోటుబుక్కు మాత్రం గది బయటే.