తలకు దెబ్బ, తొలి మూడు గంటలు

మెదడు శస్త్రచికిత్సలో కొత్త సంగతులు అనగానే వార్తల్లోకి ఎక్కేవి చిప్పులు, రోబోలు. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి ఒక మనిషి మెదడులో చిప్పు అమర్చితే ప్రపంచమంతా దాని గురించే మాట్లాడింది. చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్‌లోనో తిరుపతి జిల్లా భాకరాపేట మలుపుల్లోనో బైకు మీద నుంచి పడినవారికి ఆ చిప్పుతో పని లేదు. వారికి అక్కరకొచ్చే పరిశోధన వేరే ఉంది. అందులో చాలా భాగం చవకైనది. అందుకే కాబోలు, దాన్ని భుజాన వేసుకుని ప్రచారం చేసేవారు కనిపించరు.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ పాత మందే. నెలసరి రక్తస్రావం ఎక్కువైన మహిళలకు మాత్రల రూపంలో ఎప్పటినుంచో రాస్తున్నదే. 29 దేశాల్లో 12 వేల మందికి పైగా తల గాయాల రోగులపై జరిపిన ‘క్రాష్-3’ అధ్యయనం 2019లో వెలువడింది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఈ మందును సూది ద్వారా ఇస్తే, గాయం తేలికపాటి నుంచి మధ్యస్థంగా ఉన్నవారిలో మరణాలు తగ్గాయి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. గాయం మరీ తీవ్రమైతే ప్రయోజనం కనిపించలేదు. అదే శ్రేణిలోని తొలి అధ్యయనం పది వేల మంది రోగులతో ఇంకో పాఠం నేర్పింది. మెదడు వాపు తగ్గుతుందని దశాబ్దాలుగా ఇస్తూ వచ్చిన స్టెరాయిడ్లు తల గాయాల్లో మరణాలను పెంచుతున్నాయని 2004లో తేల్చింది. ఒక మందు మానేయడం కూడా వైద్యంలో ముందడుగేనని అది రుజువు చేసింది.

వృద్ధుల సంగతి మరీ ముఖ్యం. స్నానాల గదిలో జారి తలకు చిన్న దెబ్బ తగులుతుంది. అందరూ మరచిపోతారు. మూడు నాలుగు వారాలకు మాట తడబడుతుంది, నడక తూలుతుంది, మనుషుల్ని గుర్తుపట్టలేరు. ఇంట్లోవారు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. లోపల జరిగేది వేరు. మెదడు పై పొర కింద రక్తం మెల్లగా చేరి మెదడును నొక్కుతుంటుంది. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. ఒక్క సీటీ స్కాన్‌తో ఇది బయటపడుతుంది. పుర్రెకు రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తే, మతి తప్పిందనుకున్న మనిషి చాలాసార్లు మళ్లీ మామూలుగా మాట్లాడతారు. ఆపరేషన్ తర్వాత అక్కడ సన్నని గొట్టం ఉంచితే రక్తం మళ్లీ చేరడం 24 శాతం నుంచి 9 శాతానికి తగ్గిందని 2009లో కేంబ్రిడ్జి వైద్యులు చూపించారు. 2024లో వచ్చిన అధ్యయనాలు ఇంకో మెట్టు ఎక్కాయి. రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి, ఆ పొరకు రక్తం అందించే ధమనిని మూసివేస్తే రెండో ఆపరేషన్ అవసరం 11.3 శాతం నుంచి 4.1 శాతానికి పడిపోయిందని వాటిలో ఒకటి తేల్చింది. దీనికి రక్తనాళాల్లోకి తీగ పంపి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్ కావాలి, నిపుణులు కావాలి, ఖర్చూ ఎక్కువే. గొట్టానికి అవేవీ అక్కర్లేదు.

ఇక అందరూ తప్పించుకునే ప్రశ్న. మెదడు వాపు అదుపు తప్పినప్పుడు పుర్రె ఎముకలో పెద్ద ముక్కను తీసి మెదడుకు చోటిస్తారు. ఆ ముక్కను రోగి పొట్ట చర్మం కింద భద్రపరచి, కొన్ని నెలలకు తిరిగి అమర్చడం మన దేశంలో మామూలే. ఇలా ఎముక తీసే ఆపరేషన్ వల్ల ఆరు నెలల నాటికి మరణాలు 48.9 శాతం నుంచి 26.9 శాతానికి తగ్గాయని 2016లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అదే అధ్యయనం ప్రకారం, స్పృహ లేకుండా జీవచ్ఛవంగా మిగిలినవారు 2.1 శాతం నుంచి 8.5 శాతానికి పెరిగారు. అర్ధరాత్రి ఆపరేషన్ థియేటర్ బయట సంతకం పెట్టే తండ్రికి ఈ రెండో అంకె కూడా తెలుగులో చెప్పాలి. ప్రాణం దక్కుతుందా అన్న ప్రశ్నకు జవాబిచ్చి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్లు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి వైద్యుల కొరత అంతగా లేదు. దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని డాక్టర్ జాకబ్ చాండీ 1949లో మొదలుపెట్టింది చిత్తూరు పక్కనున్న వేలూరులోనే. తిరుపతిలో స్విమ్స్ ఉంది, రుయా ఉంది. అయితే పలమనేరు నుంచి తిరుపతికి 100 కిలోమీటర్లకు పైమాటే. దారిలో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపుతూ పోతే మూడు గంటలు ఇట్టే కరిగిపోతాయి. రాత్రి రెండు గంటలకు సీటీ స్కాన్ తీసి, చదివి చెప్పే ఆసుపత్రులు ఏవో తిరుపతి, చిత్తూరు జిల్లాల యంత్రాంగాలు ప్రకటించాలి. ఆ జాబితా ప్రతి 108 వాహనంలోనూ ఉండాలి. ట్రానెక్సామిక్ సూది ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలో ప్రాంతీయ ఆసుపత్రులకు రాతపూర్వకంగా ఆదేశించాలి. హెల్మెట్ తల గాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని తెలిసీ వెనక కూర్చున్నవారిని వదిలేసే తనిఖీలు ఇకనైనా మారాలి.

రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం 2025 మేలో నగదు రహిత చికిత్సా పథకం తెచ్చింది. లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల పాటు ఇది వర్తిస్తుంది. మంచిదే. తీసిన ఎముకను తిరిగి అమర్చేది మాత్రం నెలల తర్వాత. నడక, మాట మళ్లీ నేర్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఆ రెండో ఆపరేషన్‌కు, ఫిజియోథెరపీకి రాష్ట్ర ఆరోగ్య పథకం ఎంత భరిస్తుందో, ఏ ఆసుపత్రిలో భరిస్తుందో డిశ్చార్జి కాగితం మీదే రాసివ్వాలి.