సమీకరణాలను లెక్కచేయని జీవులపై ఒక ఫిర్యాదు

జీవరాశులకు గణితమంటే ఉన్న చిన్నచూపు నానాటికీ మితిమీరుతోంది. పరిశోధకులు రాత్రింబగళ్ళు శ్రమించి, నాలుగు చలరాశులూ ఆరు స్థిరాంకాలూ పోగుచేసి ఒక చక్కని సమీకరణాన్ని సిద్ధం చేస్తే, దాని ప్రకారం పుట్టి, పెరిగి, చావవలసిన ప్రాణులు తమకు తోచినట్టు నడుచుకుంటున్నాయి. తప్పు సమీకరణానిదే కావచ్చునని ప్రయోగశాలల్లో కొందరు గొణుగుతున్న మాట నిజమే గానీ, ఒకసారి అచ్చయిన సమీకరణం తప్పెలా అవుతుందో వారే చెప్పాలి.

ఈ అవిధేయతలో మనుషులేమీ తక్కువ తినలేదు. 1920లో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ అనే ఇద్దరు పండితులు అమెరికా పాత జనాభా లెక్కల మీదుగా ఒక వంపు గీతను గీసి, ఆ దేశ జనాభా సుమారు 19.7 కోట్ల దగ్గర ఆగిపోతుందని తేల్చారు. గతమంతా ఆ గీత మీద బుద్ధిగా ఒదిగింది. భవిష్యత్తు మాత్రం మాట వినలేదు. 1967లో అమెరికన్లు ఎవరినీ అడగకుండా 20 కోట్లు దాటేశారు.

అయితే అసలు ముద్దాయి కుందేలు. 1926లో ఇటలీ గణితవేత్త వీటో వోల్టెరా, అంతకు ఏడాది ముందు అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లోట్కా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, ఎరగా పోయే ప్రాణులూ వాటిని తినేవీ ఎలా పెరిగి తరుగుతాయో చెప్పే ఒకే జంట సమీకరణాలను రాశారు. వోల్టెరాకు చిక్కుముడి తెచ్చి ఇచ్చినవాడు ఆయన అల్లుడే: మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గితే, వలల్లో పడేవాటిలో సొరచేపల వంటివాటి వాటా ఎందుకు పెరిగింది? మనిషి వల ఎత్తేస్తే లాభపడేవి ఎర చేపలు కావు, వాటిని తినే చేపలేనని సమీకరణాలు మంచి సమాధానమే చెప్పాయి. ఎర పెరిగితే తినేవి పెరుగుతాయి, తినేవి పెరిగితే ఎర తరుగుతుంది, ఎర తరిగితే తినేవి ఆకలికి రాలిపోతాయి, ఆపైన మళ్ళీ ఎర పుంజుకుంటుంది. ఈ చక్రంలో ముందు ఎర, దాని వెనక తినేది శిఖరానికి చేరాలన్నది నియమం.

కెనడాలో బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ చిట్టాల్లో కుందేళ్ళూ, వాటిని తిని బతికే లింక్స్ అనే అడవిపిల్లులూ సుమారు పదేళ్ళకోసారి పెరిగి తరిగినట్టు కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ 1973లో మైకేల్ గిల్పిన్ అనే పరిశోధకుడు ఆ అంకెలను సమీకరణాల పక్కన పెట్టి చూస్తే, కొంతకాలం పాటు చక్రం ఎదురు తిరిగినట్టు తేలింది. ముందు అడవిపిల్లులు, వెనక కుందేళ్ళు. అంటే లెక్క ప్రకారం కుందేళ్ళే అడవిపిల్లులను తింటున్నాయి. ‘కుందేళ్ళు లింక్స్‌లను తింటాయా?’ అన్న ప్రశ్ననే ఆయన తన వ్యాసానికి పేరుగా పెట్టారు. చిట్టాలో ఉన్నవి ప్రాణుల సంఖ్యలు కావని, అవి కంపెనీకి చేరిన తోళ్ళ సంఖ్యలని, వేటగాడు బోను పెట్టిన ఏడూ పెట్టని ఏడూ వాటిలో కలిసిపోయి ఉంటాయని ఎవరైనా అనవచ్చు. అలాంటివారిని దరిచేరనివ్వకూడదు. బోను పట్టుకున్న మూడో పాత్రను సమీకరణంలో మరిచిపోయామని ఒప్పుకోవడం కంటే, గడ్డి తినే జంతువు మీద హత్యానేరం మోపడమే శాస్త్రానికి గౌరవప్రదం.

బొంబాయి ప్లేగు ఇందుకు మరింత గట్టి సాక్ష్యం. 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు జనాన్ని మూడు వర్గాలుగా సర్దారు: రోగం రాగలవారు, వచ్చినవారు, కోలుకునో కన్నుమూసో లెక్కలోంచి తప్పుకున్నవారు. 1905-06లో బొంబాయిలో వారం వారం నమోదైన ప్లేగు మరణాలు వారి గీత మీద అతికినట్టు కూర్చున్నాయి. ఆ సమీకరణంలో రోగం మనిషి నుంచి మనిషికి పాకుతుంది. బొంబాయిలో అది ప్రధానంగా ఎలుకల ఒంటి మీద బతికే పురుగుల వల్ల వచ్చింది. ఎలుకల సంగతి ఆ రచయితలే ప్రస్తావించారు, అది వారి సంస్కారం. మన దృష్టిలో మాత్రం ఎలుక ఊసెత్తకుండా ఎలుకల జబ్బును వివరించగలగడం గణితానికే చెల్లిన పొదుపు. కరోనా కాలంలో జనం మరీ బరితెగించారు. అంచనాలు చదివి, భయపడి, ఇళ్ళలో కూర్చుని, ఆ అంచనాలనే అబద్ధం చేశారు. గ్రహణాల లెక్క చదివి చంద్రుడు దారి మార్చుకున్న దాఖలా ఎక్కడైనా ఉందా?

ప్రాణి నమూనాకు లొంగకపోతే పరామితులు, అంటే గీతను మనకు కావలసినట్టు వంచడానికి సర్దుకునే అంకెలు, పెంచుకునే హక్కు ఎటూ ఉంది. నాలుగు పరామితులిస్తే తన గీతలో ఏనుగును ఇముడుస్తాననీ, ఐదోది ఇస్తే తొండం కూడా ఆడిస్తాననీ గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ అనేవారని 1953లో భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ మరో భౌతికశాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్‌తో చెప్పారు. భౌతికశాస్త్రవేత్తలు దాన్ని హెచ్చరికగా అపార్థం చేసుకున్నారు. 2010లో ముగ్గురు పరిశోధకులు నాలుగు సంకీర్ణ సంఖ్యలతో నిజంగానే ఏనుగు బొమ్మ గీసి చూపించారు (ఒక్కో సంకీర్ణ సంఖ్యలో రెండేసి సంఖ్యలు దాగి ఉంటాయన్నది ఇక్కడ అప్రస్తుతం). ఇక ఏనుగు కోసం అడవికి పోవడం ఎందుకు?

2012లో స్టాన్‌ఫర్డ్ బృందం ఏనుగును వదిలి, మైకోప్లాస్మా జెనిటేలియం అనే బాక్టీరియాను 525 జన్యువులతో సహా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆ కణం ఒక్కసారి రెండుగా చీలడాన్ని అనుకరించడానికి యంత్రానికి సుమారు పది గంటలు పట్టింది. అసలు బాక్టీరియాకూ ఇంచుమించు అంతే పడుతుంది. నిధుల మంజూరు లేకుండా అది ఆ పని చేసుకుపోవడం ఆక్షేపణీయం.

ఇన్ని ద్రోహాల నడుమ, జీవులను సమీకరణాల్లో బిగించే ఈ రంగానికి అసలు చేటు చేసినవారు లోపలివారే. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువులో విద్యుత్ ప్రవాహాన్ని కొలిచి, ఆ కొలతల మీద సమీకరణాలు కట్టారు. అప్పుడు కేంబ్రిడ్జ్ కంప్యూటర్ మార్పుల కోసం ఆగిపోయి ఉండడంతో, హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని వారాల తరబడి పిడి తిప్పారు. నాడీసంకేతం పాకే వేగం లెక్కలో సెకనుకు 18.8 మీటర్లు వచ్చింది, కొలిస్తే 21.2. సమీకరణంలో పొటాషియం ప్రవాహాన్ని లెక్కగట్టే భాగంలో వారు వాడింది నాలుగో ఘాతం. దశాబ్దాల తర్వాత, కణపు పొరలో పొటాషియాన్ని దాటనిచ్చే ద్వారం నిర్మాణం బయటపడితే, అది నాలుగు భాగాలతో కట్టి ఉంది. ఇంతటి విజయం చేతికొచ్చాక వారు చేసిన పని ఏమిటి? లెక్క కొలతలకు సరిపోవడం తాము ఊహించిన యంత్రాంగానికి రుజువు కాదనీ, వేరే రూపంలోని సమీకరణాలు కూడా ఇంత బాగానూ సరిపోయి ఉండేవనీ అదే వ్యాసంలో రాసిపెట్టారు. 1963లో నోబెల్ వచ్చినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇది విద్యార్థుల కంటపడితే ప్రతివాడూ తన గీతను అనుమానించడం మొదలుపెడతాడు కనుక, ఇకపై ఆ వ్యాసాన్ని పునర్ముద్రించేవారు ఆ పేరాను తొలగించి, ఖాళీ అయిన చోట తొండం ఊపుతున్న ఏనుగు బొమ్మ వేయవలసిందిగా మనవి.