మ్యాజిక్ ఆపిల్ చెట్టు గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ ఇంగ్లిష్ చిత్రకారుడు శామ్యూల్ పామర్ గారి 'ది మ్యాజిక్ ఆపిల్ ట్రీ' నీటిరంగుల చిత్రం గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అనడానికి లేదు. మీరు కుశలమే, నా వీకెండ్ మాత్రం బూడిదలో పోసిన పన్నీరైంది. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో ఆ ఫార్మ్‌స్టే వాళ్లు మంచం పైన మీ ప్రింటు తగిలించి, గొర్రెల మధ్య ప్రశాంతంగా నిద్రపోవచ్చన్నారు. పిల్లల్ని వేరుచేసిన తల్లి గొర్రెలు తెల్లార్లూ అరుస్తూనే ఉన్నాయి. పొద్దున్నే బయటికొస్తే, ఒక పెద్దాయన గొర్రెను వెల్లకిలా కూలేసి, మోకాళ్ల మధ్య బిగించి, గిట్ట చీలికలో కుళ్లిన చోట కత్తెరతో చెక్కుతున్నాడు. ఆ కంపుకి టీ కప్పు గోడ మీద పెట్టేశాను. తోక చుట్టూ ఉన్నిలో పెంట ఎండి ఉండలు కట్టి, గొర్రె నడిస్తే టకటకమంటోంది.

మీ గొర్రెలకు ఇవేమీ ఉండవు. మీ కాపరి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు. దగ్గర దగ్గర రెండు వందల ఏళ్లుగా ఒక్క గిట్టయినా ఎత్తి చూసిన పాపాన పోలేదు!

పామర్ గారు కాపురమున్న కెంట్ పల్లె షోరం. అక్కడి చర్చికి ఉన్నది మొద్దు బురుజు. మీరు దానికి సూదిమొన శిఖరం పెట్టారు, పోనివ్వండి. 1970ల్లో టామ్ కీటింగ్ అనే ఆయన పామర్ పేరిట దొంగబొమ్మలు గీసి అమ్మించాడు. అదీ మీ తప్పు కాదు.

కానీ 1830? మిమ్మల్ని గీసింది అటూఇటూగా అప్పుడే కదా. ఆ ఆగస్టులో అదే కెంట్‌లో కూలీలు నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టారు. చలికాలంలో చేత్తో నూర్చి సంపాదించుకునే నాలుగు డబ్బులు ఆ యంత్రం మింగేసింది మరి. గడ్డివాములు తగలబడ్డాయి. గొడవలు ఇంగ్లండ్ దక్షిణాదంతా పాకాక 19 మందిని ఉరితీశారు, వందలమందిని ఆస్ట్రేలియా ఓడెక్కించారు. పామర్ గారికి తెలియదనకండి. 1832లో వెస్ట్ కెంట్ ఓటర్లకు కరపత్రం రాసి మరీ, ఓటుహక్కు పెంచాలన్న సంస్కరణవాదుల మీద విరుచుకుపడ్డారు. అన్నీ తెలిసీ, మంటలన్నీ ఆర్పేసి, నీలో ఆపిల్ పళ్లు గుత్తులు గుత్తులుగా వేలాడదీశాడు. నువ్వూ సిగ్గులేకుండా మోస్తున్నావు!

వెనక పొలానికి వేసిన ఆ పసుపు రంగును మాత్రం ఎంత కోపంలోనూ తిట్టలేకపోతున్నాను, అదే నా ఖర్మ. తిరుగు టపాలో ఒక్క సంగతి రాయి. ఆ కాపరికి ఆ వారం కూలీ ముట్టిందా?

ఇట్లు,
నిద్రలేని అతిథి