సముద్రంలో పోయినవాళ్ల ఫైలు ఎప్పుడు మూసేయాలి?

ఉంగరంలోని రాయి ఊడిపోయింది. ‘బాంబార్డియర్’ (విమానం నుంచి గురిచూసి బాంబులు వేసేవాడు) అన్న అక్షరాలు మాత్రం ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. 79 ఏళ్లు పసిఫిక్ నీళ్లలో, బురదలో పడి ఉన్న ఉంగరం అది. దాంతోపాటు తుప్పుపట్టిన ఓ గుర్తింపు బిళ్ల కూడా దొరికింది. ఏదైనా జరిగితే కబురు చెప్పాల్సిన మనిషిగా దాని మీద విమానంలోని రేడియో ఆపరేటర్ భార్య పేరు ఉంది.

ఇవి దొరికింది న్యూగినీ తీరంలోని హన్సా అఖాతంలో. 1944 మార్చి 11న జపాన్ విమాన విధ్వంసక ఫిరంగుల మీద దాడికి వెళ్లిన అమెరికన్ బీ-24 బాంబరు అక్కడే కూలింది. ఆ విమానానికి సిబ్బంది ముద్దుగా పెట్టుకున్న పేరు ‘హెవెన్ కెన్ వెయిట్’. స్వర్గానికి తొందరేం లేదులే అన్నట్టు. అందులో ఉన్నది 11 మంది. బాంబుల అర నుంచి మంటలు లేవడం, విమానం ఒరిగి నీళ్లలో పడటం పక్క విమానాలవాళ్లు చూశారు. పైన చక్కర్లు కొట్టి వెతికారు. ఎవరూ తేలలేదు.

బీ-24కు నీళ్లంటే గండమే. దాని బాంబుల అర తలుపులు కిరాణా కొట్టు షట్టర్లలా పక్కలమీదుగా పైకి చుట్టుకుపోయే రకం. పైలట్ ఎంత ఒడుపుగా నీటి మీద దించినా ఆ పల్చటి రేకు దెబ్బకు ఆగేది కాదు. నీళ్లు లోపలికి దూసుకొచ్చి విమానం నడుముకు విరిగేది. ఇక మంటల్లో పడిన విమానం సంగతి చెప్పేదేముంది? యుద్ధం ముగిశాక సైన్యం ఈ 11 మంది అవశేషాలనూ ‘వెలికితీయలేనివి’ అని రాసి ఫైలు మూసేసింది.

దాన్ని మళ్లీ తెరిపించింది సైన్యం కాదు. 2013లో బాంబార్డియర్ బంధువు ఒకాయన అసలేం జరిగిందో తెలుసుకుందామని పాత కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఉత్తరాలు, డైరీలు, సైనిక నివేదికలు, ప్రత్యక్ష సాక్షుల మాటలు ఏళ్ల తరబడి పోగేసి, విమానం ఎక్కడ పడి ఉండొచ్చో కుటుంబం ఒక అంచనాకొచ్చింది. దాని ఆధారంగా, గల్లంతైన అమెరికన్ సైనికుల కోసం వెతికే ‘ప్రాజెక్ట్ రికవర్’ బృందం 2017లో సోనార్‌తో (ధ్వని తరంగాలతో నీటి అడుగును చూసే పరికరం) గాలిస్తే దాదాపు 65 మీటర్ల లోతులో శిథిలాలు కనిపించాయి. 2023లో అమెరికన్ నేవీ గజ ఈతగాళ్లు దిగారు. డీఎన్‌ఏ పరీక్షల్లో నలుగురు ఎవరో తేలింది. మిగతా ఏడుగురు ఇంకా లెక్కకు రాలేదు. పైలట్ భార్య మళ్లీ పెళ్లి చేసుకోకుండా, ఆయన వస్తాడనే నమ్మకంతో 96 ఏళ్లు బతికింది. ఆమె పోయాక గానీ ఆయన ఇంటికి చేరలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆచూకీ తెలియని అమెరికన్లు ఇంకా సుమారు 72,000 మంది. వాళ్లను వెతకడానికే అక్కడో ప్రభుత్వ సంస్థ ఉంది. ఈశాన్య భారతంలో కూలిన తమ విమానాల సిబ్బంది కోసం ఆ సంస్థ మన గాంధీనగర్ ఫోరెన్సిక్ వర్సిటీతోనూ ఒప్పందం చేసుకుంది. అంటే ఈ పని చేయగల చేతులు మన దగ్గరా ఉన్నాయి.

మరి మనవాళ్లో? 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. బాంబరు కాదు, యుద్ధమూ కాదు. ఇళ్లలో ఎదురుచూపు మాత్రం అదే. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో (నేవీ ఆయుధాగారం) ఉద్యోగులు. సెప్టెంబరు 15న గాలింపు ఆపేసి, చనిపోయినట్టే భావించాలని కుటుంబాలకు చెప్పారు. ఏడున్నరేళ్లకు, 2024 జనవరిలో, చెన్నై తీరానికి దాదాపు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలాలు ఫొటోలకు చిక్కాయి. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన, మనిషి లేకుండా నీటి అడుగున తిరిగే యంత్రం తీసిన ఫొటోలవి.

65 మీటర్లకూ 3,400 మీటర్లకూ పోలిక లేదు, ఒప్పుకుంటాను. గజ ఈతగాడు దిగే లోతు కాదది. కానీ రెండు కథల్లో నాకు కనిపించే తేడా లోతు ఒక్కటే కాదు. అక్కడ కుటుంబం తెచ్చిన కాగితాలను పట్టించుకునే నాథుడున్నాడు. ఇక్కడ ఇంటివాళ్లకు కబురు చెప్పడంతో పని అయిపోయిందనుకుంటాం.

పత్రికల్లో ‘గల్లంతు’ అని ఒక్క మాటలో రాసేస్తాం. ఆ మాట పడిన ఇంట్లో కర్మ ఎప్పుడు చేయాలన్నదే పెద్ద చిక్కు. శవం దొరకనివాళ్లకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మనకుంది. ఆ బొమ్మ చేయడానికి మనసొప్పాలిగా! చట్టం లెక్క వేరే. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు భావించమంటుంది సాక్ష్య చట్టం. వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారుల ఇళ్లకు అడ్డం పడేది ఈ ఏడేళ్లే.

3,400 మీటర్ల నుంచి ఉంగరం తెమ్మని నేను అనడం లేదు. ఆ ఫొటోల్లో ఏ శకలం ఏదో, చివరి నిమిషాల గురించి దర్యాప్తులో ఏం తేలిందో 29 ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు అర్థమయ్యే భాషలో ఒక అధికారి చెప్పాలి. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకోవడానికి ఒక ఫైలు తెరిచి ఉంచాలి.