ఒక మగ్గు నీళ్లు

పిల్లని ఇంట్లోనే చదివిద్దామని నిర్ణయించుకున్నాక నన్ను పట్టుకున్న మొదటి టెన్షన్ "చెప్పగలనా" అని కాదు, "ఏం పెట్టి చెప్పాలి" అని. బడికి పంపితే ఆ తలనొప్పి వాళ్లే పడతారు. ఇప్పుడు పుస్తకాలూ, వీడియోలూ, వర్క్‌షీట్లూ, ఆటవస్తువులూ అన్నీ నేనే వెతుక్కోవాలి.

సరే, వెతకడం మొదలుపెట్టాను. అందులో ఎంత సుఖం ఉందో దిగేదాకా తెలియలేదు. పాఠం చెబుతుంటే పిల్ల ఆవలిస్తుంది, పెన్సిల్ కొరుకుతుంది, "ఇదంతా ఎందుకు?" అంటుంది. వెతుకుతుంటే ఎవరూ ఏమీ అనరు. రాత్రి అది పడుకున్నాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో లింకు దాచుకుంటుంటే, ఆ పాఠం చెప్పేసి, పరీక్ష పెట్టేసి, మార్కులు కూడా వేసేసినంత తృప్తిగా ఉండేది. మూడు నెలలు తిరిగేసరికి నా దగ్గర 214 బుక్‌మార్కులు పోగయ్యాయి. వాటికి ఫోల్డర్లు: "తప్పక చూడాలి", "తప్పక చూడాలి 2", "ఇది మాత్రం నిజంగా చూడాలి". గణితానికి రెండు, "మంచివి" అని ఒకటి, "ఇంకా మంచివి" అని ఒకటి. ఎక్కడా ఇమడనివన్నీ "ఇతరములు". అందులోనే 90 ఉన్నాయి.

పిల్లకి రోజూ పాఠం ముప్పావుగంట. నాకు వెతుకులాట మూడు గంటలు. ఈ ఇంట్లో చదువుకుంటున్నది ఎవరని మావారు ఒకసారి అడిగారు కూడా. నేను వినిపించుకోలేదు. అప్పుడే ఖగోళశాస్త్రం దగ్గరికి వచ్చాను మరి.

అలాగని దొరికినవి పనికిరానివని కాదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సంగతే చూడండి. 1971లో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లో టైపు చేయడంతో మొదలైందట. ఇప్పుడు అందులో 70 వేల పైచిలుకు పుస్తకాలు ఉచితంగా దొరుకుతున్నాయి. కాపీరైటు గడువు తీరినవే ఎక్కువ కాబట్టి ధర లేదు, కాకపోతే భాష కూడా ఆ కాలందే. నేను 61 పుస్తకాలు దింపుకున్నాను. ఒకటిన్నర చదివాను. ఇలాంటి పాత పుస్తకాలనే వాలంటీర్లు గొంతెత్తి చదివి పెట్టే లిబ్రివాక్స్ 2005 నుంచీ ఉంది. చదివితే పది నిమిషాలకు వచ్చే నిద్ర వింటే ఐదు నిమిషాలకే వచ్చేది.

ఉచితంగా వీడియో పాఠాలు పెట్టే ఖాన్ అకాడమీ కథ విన్నప్పుడు మాత్రం కొంచెం సిగ్గేసింది. సల్మాన్ ఖాన్ (సినిమా హీరో కాదు లెండి) వేరే ఊళ్లో ఉన్న చుట్టాలమ్మాయికి 2004లో దూరం నుంచే లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, అది పెరిగి పెరిగి 2008కల్లా ఓ సంస్థే పెట్టాడు. నేను కన్నకూతురి పక్కనే కూర్చుని భిన్నాలు చెప్పలేక నానా అవస్థలూ పడుతున్నాను.

తర్వాత మాంటిస్సోరి మీద పడ్డాను. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తొలి బడి పెట్టింది. ఆవిడ సామగ్రిలో గులాబీరంగు గోపురం ఒకటుంది. ఒక సెంటీమీటరు ఘనం నుంచి పది సెంటీమీటర్ల ఘనం దాకా మొత్తం పది. పిల్లలు పెద్దదాని మీద చిన్నదాన్ని పేర్చుకుంటూ పోవాలి. కొనడం దేనికిలే అని అట్టముక్కలు కత్తిరించి, జిగురు పెట్టి, రెండు రాత్రులు కూర్చుని నేనే చేశాను. అన్నిటికంటే చిన్న ఘనం అంటించేటప్పుడు వేలూ ఘనమూ అతుక్కుపోయి కాసేపు ఒకటే అయ్యాయి. తీరా పొద్దున్నే పిల్లని కూర్చోబెట్టి, "ఈ పెద్ద ఘనంలో చిన్న ఘనాలు 1000 పడతాయి, చూపిస్తా చూడు" అని చెయ్యి చాచేసరికి చిన్న ఘనం లేదు.

"గులాబీరంగు ముక్కా? చెత్తేమో అనుకుని ఊడ్చేశానమ్మాయ్," అన్నారు మా అత్తగారు.

దాంతో ఆ వెయ్యి సంగతి పిల్ల నా మాట మీద నమ్మాల్సి వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా నమ్మినట్టు లేదు.

ఆ తర్వాత షార్లెట్ మేసన్. చిన్నపిల్లలకు ఒక్కో పాఠం ఇరవై నిమిషాలు మించకూడదని చెప్పిన ఇంగ్లండు విద్యావేత్త. ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. పిల్లలు బయట చూసినవి చూసినట్టు బొమ్మ వేసి రాసుకునే పుస్తకం ఒకటి ఉండాలని కూడా ఆవిడే చెప్పింది. ఇదొక్కటీ మా ఇంట్లో బ్రహ్మాండంగా పారింది. పారింది అంటే, మరీ పారింది. గోడ మీద చీమల బారు, కుండీలో మొలక రోజుకెంత ఎదిగిందో, "నాయనమ్మ గురక: నిమిషానికి 14" అన్నీ అందులోకి ఎక్కాయి. మా అత్తగారు ఆ పేజీ చూశాక ఓ వారం పాటు మధ్యాహ్నం నిద్ర మానేశారు.

ఇన్నిటిని జల్లెడ పట్టడానికి నాకంటూ ఒక పద్ధతి ఉంది లెండి. లోపలికి అడుగు పెట్టకముందే ఫోన్ నంబరు అడిగిందా, వెనక్కి తిరగడమే. నెట్ లేకపోయినా పనిచేసేలా దింపుకోనిస్తే ఓ మెట్టు పైన. పిల్ల గుడ్లప్పగించి చూడటమేనా, చేత్తో ఏమైనా చేసేది ఉందా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఈ మూడింటిలోనూ నెగ్గింది ఫెట్ (PhET) అనే వెబ్‌సైటు. కార్ల్ వీమన్ అనే భౌతికశాస్త్రవేత్త 2001లో నోబెల్ అందుకుని, ఆ మరుసటి ఏడు కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టాడు. సైన్సు, లెక్కల ప్రయోగాలన్నీ తెర మీదే చేసుకోవచ్చు. ఉచితం. ఫోన్ నంబరు అడగదు. పిల్లలు ఏం కెలికినా ఏమీ పాడవదు.

ఆ చివరి వాక్యం మా ఇంటికి వర్తించదు.

ఆ రోజు పాఠం విద్యుత్తు. సర్క్యూట్లు కట్టే ప్రయోగం తెరిచి పిల్ల ముందు పెట్టాను. బ్యాటరీ, వైర్లు, బల్బు, స్విచ్ అన్నీ పక్కన పెట్టెలో ఉంటాయి, లాక్కొచ్చి కలుపుకోవడమే. "బల్బు వెలిగించు, నేను బట్టలు ఉతుక్కుని వస్తా," అని చెప్పి బాత్‌రూమ్‌లోకి వెళ్లాను. మా అత్తగారు హాల్లో కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్ర కాదట, ఊరికే.

తర్వాత జరిగింది నేను సాక్షుల్ని విచారించి తెలుసుకున్నాను.

బల్బు రెండు నిమిషాల్లో వెలిగింది. ఆ తర్వాత పిల్ల బల్బు తీసేసి దాని బదులు పెన్సిల్ పెట్టి చూసింది, రబ్బరు పెట్టి చూసింది. ఆ పెట్టెలో ఓ కుక్క కూడా ఉంటుంది, కావాలంటే దాన్నీ సర్క్యూట్‌లో కలపొచ్చు. పాపం దాన్నీ కలిపింది. అన్నీ అయ్యాక, మధ్యలో ఏమీ లేకుండా బ్యాటరీ ఈ కొసనీ ఆ కొసనీ ఒక్క వైరుతో కలిపేస్తే ఏమవుతుందని అనుమానం వచ్చింది. అనుమానం వస్తే తీర్చుకోవాలని నేర్పింది నేనే. కరెంటుకి అడ్డుపడేది మధ్యలో ఏదీ లేకపోతే అది ఒక్కసారిగా వరదలా పారుతుంది. అంత కరెంటు పారితే ప్రమాదమని పిల్లలకి తెలియాలి కదా, అందుకని ఆ తెర మీద బ్యాటరీకి మంటలు చూపిస్తారు.

పిల్ల చాలా నింపాదిగా అంది: "బ్యాటరీ అంటుకుంది."

"ఏంటే? అంటుకుందా?" అన్నారు కళ్లు మూసుకునే మా అత్తగారు.

"అవును నాయనమ్మా. మంటలొస్తున్నాయి."

పిల్ల చెప్పిన ప్రతి మాటా అక్షరసత్యం. కానీ హాలు నుంచి బాత్‌రూమ్ దాకా ప్రయాణం చేసేసరికి బ్యాటరీ ఊడిపోయి దాని స్థానంలో ఇల్లు వచ్చి చేరింది. "అమ్మాయ్! ఇల్లంటుకుందే!"

చేతిలో మగ్గు ఉంది. మగ్గు నిండా నీళ్లున్నాయి. ఇక ఆలోచించేది ఏముంది? పరుగెత్తుకొచ్చి గుమ్మంలోంచి చూస్తే ల్యాప్‌టాప్ మీద ఎర్రగా, పసుప్పచ్చగా మంటలు. పిల్ల దానికి జానెడు దూరంలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. నేను జన్మలో విసిరిందేదీ గురికి తగల్లేదు. ఆ రోజు మాత్రం ఒక్క చుక్క వృథా పోలేదు.

విచిత్రం ఏమిటంటే మంట ఆరలేదు. నీళ్లు కారుతున్న తెర మీద ఇంకో రెండు మూడు క్షణాలు హాయిగా మండింది. ఆ తర్వాత తెర మొత్తం నల్లబడింది. అవి సబ్బునీళ్లు. మీటల సందుల్లోంచి నురగ పైకి వచ్చింది. ఓ బుడగ నెమ్మదిగా ఉబ్బి, కాసేపు మెరిసి, టప్పుమంది.

"అది ఒట్టి మంటేనమ్మా," అంది పిల్ల, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ. "వైరు తీసేస్తే పోయేది."

నిజంగా మంటే అయితే నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. కరెంటుతో వచ్చిన మంట మీద నీళ్లు పొయ్యకూడదు, ముందు స్విచ్ ఆపాలి. ఈ సంగతి నా బుక్‌మార్కుల్లోనే ఉంది. "భద్రత" అనే ఫోల్డర్‌లో మూడోది. చదవలేదు.

ప్లగ్గు తీసి, ల్యాప్‌టాప్‌ని గుడారంలా బోర్లించి ఫ్యాను కింద పెట్టాం. ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. సాయంత్రానికి మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు.

"ఆరిందా?"

"ఆరిపోయిందండీ."

"హమ్మయ్య! అయితే ఆన్ చేసి చూడు."

"అదే కదా చెప్తున్నా, ఆరిపోయిందని!"

తడికీ దీపానికీ ఒకటే మాట పెట్టినవాళ్లని ఏమనాలి? ఆయనకి అర్థమయ్యేసరికి మూడు నిమిషాలు పట్టింది. మరమ్మతు చేసే అబ్బాయి మర్నాడు వెనక మూత విప్పి, వాసన చూసి, "సబ్బు మంచిదేనండీ," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

బుక్‌మార్కులు ఇంకెక్కడైనా దాచుకున్నానా అని మావారు అడిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు కానీ, నా చేతులు కాలనైనా కాలలేదు. ఒక కాగితం తీసుకుని గుర్తున్నవన్నీ రాయడానికి కూర్చున్నాను. 214లో ఏడు వచ్చాయి. ఎనిమిదోదాని పేరు నాలిక చివర ఉంది, రాదు. ఆ ఏడింటిలో ఒకటి లైబ్రరీ. దానికసలు లింకే అక్కర్లేదు, నడిచి వెళ్లడమే.

పోయిన 207 ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. పిల్ల వాటిలో ఒక్కదాన్నీ అడగలేదు. కుక్క గురించి మాత్రం అడిగింది, దానికేమీ కాలేదు కదా అని.

ఆ రాత్రి చెయ్యడానికి పనేమీ లేక దాని పుస్తకం తీసి చూశాను. చీమల బారు తర్వాతి పేజీలో పైన నా బొమ్మ ఉంది. జుట్టు విరబోసుకుని, మగ్గు పట్టుకుని, రెండు కాళ్లూ గాల్లో. కింద ఇలా రాసుంది:

"ప్రయోగం: షాట్ సర్కూటు. కావలసినవి: బ్యాటరీ, వైరు, నాయనమ్మ, అమ్మ, ఒక మగ్గు నీళ్లు. గమనించినవి: మంట నీళ్లకి ఆరలేదు. కంప్యూటర్ ఆరింది. అమ్మ తొమ్మిదింటికే పడుకుంటానంది."

ఎర్రపెన్ను తీసుకుని "షార్ట్ సర్క్యూట్" అని దిద్దాను. అప్పుడు కనిపించింది పేజీ అడుగున, బొమ్మ కింద ఇరికించి రాసిన ఇంకో వాక్యం.

"ఒక్కసారి చేస్తే చాలదు, మళ్లీ చేసి చూడాలి. నాన్న ల్యాప్‌టాప్ ఉంది."