మహారాజశ్రీ టీకా కార్డు గారికి

తెనాలి నుంచి చిన్నోడి తల్లి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం మాకు ఇంత ముఖ్యమని ఈ నెలలోనే తెలిసొచ్చింది.

ఐదేళ్లుగా మిమ్మల్ని ఎలా చూసుకున్నామో మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తయ్య గారి బీరువాలో పాత గ్యాస్ బుక్కుకీ కరెంటు బిల్లులకీ మధ్య నలిగారు. మీ వెనకట్ట మీద 2022 నాటి పాల లెక్క ఉంది, అందులో రెండు అర లీటర్ల తగువు ఇప్పటికీ తేలలేదు. రెండో పేజీ మూల పసుపు మరక నా చేతిదే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు మీ వైభవమే వేరు. పాస్‌పోర్టులు సూట్‌కేసు పై అరలో ఉంటే, తమరు నా హ్యాండ్‌బ్యాగులో జిప్పు లోపలి జిప్పులో వేంచేసి ఉన్నారు. మా ఆయన డల్లాస్ నుంచి ఫోన్ చేస్తే ముందు "కార్డు ఎలా ఉంది?" అంటారు. చిన్నోడి సంగతి తర్వాత.

మీ మీద భక్తితో మావయ్య గారు ఒక ఘనకార్యం చేశారు. అమెరికా వెళ్లే కార్డు నలగకూడదని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి లామినేషన్ చేయించారు. పాల లెక్కతో సహా అద్దంలా మెరిసిపోయారు. మర్నాడు పిల్లల డాక్టరు గారు కొత్త సూది వేసి, తేదీ రాద్దామని మీ మీద పెన్ను పెడితే జర్రున జారింది. ఇంకో పెన్ను తీశారు. అదీ జారింది. ఆఖరికి నర్సమ్మ ఎక్కణ్నుంచో సీడీల మీద రాసే మార్కరు తెచ్చింది. ఆటో దిగేసరికి తేదీలో సగం మీ మీద, సగం నా చున్నీ మీద.

సరే, ఆ సూది ఎందుకు వేయించాల్సి వచ్చిందో మీకూ తెలియాలి. మిమ్మల్ని ఫొటో తీసి టెక్సాస్‌లో చిన్నోడు చేరబోయే బడికి పంపాం. మీ తేదీలు మన పద్ధతిలో ఉన్నాయి, ముందు రోజు, తర్వాత నెల. వాళ్లకి ముందు నెల. వీడు పుట్టింది 2020 ఏప్రిల్ 5న. తట్టు, రుబెల్లా మొదటి సూది 06/01/2021న, అంటే జనవరి ఆరున, తొమ్మిది నెలలు నిండిన మర్నాడే వేయించాం. బుధవారం, మా వీధి చివర అంగన్‌వాడీలో. టెక్సాస్ బడి నర్సు దాన్ని జూన్ ఒకటిగా చదివి పాసు చేసేసింది. ఆ కింద రెండో సూదికి 18/08/2021 అని ఉంది చూశారా, అక్కడ ఆగింది. పద్దెనిమిదో నెల ఎవరికీ లేదు కదండీ. మొత్తం వెనక్కి తిప్పి మళ్లీ చదివింది. దాంతో మొదటి సూది కొట్టేసింది. మొదటి పుట్టినరోజు లోపల వేసింది వాళ్ల లెక్కలోకి రాదట.

పోనీ తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. ఇక్కడ తట్టు ఏడాది నిండని పసివాళ్లకీ వచ్చేస్తుంది కాబట్టి తొమ్మిదో నెలలోనే వేస్తారు. అక్కడ ఆ భయం తక్కువ. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఇంకా ఉంటే మందు సరిగ్గా పట్టదని ఏడాది దాకా ఆగుతారు. ఆ రెండో సూది లెక్కలోకి వచ్చింది గానీ, మన సర్కారు వేసే దాంట్లో గవదబిళ్ళల మందు ఉండదు. వాళ్లకి మూడూ కలిసినది కావాలి, రెండు డోసులు, మధ్య 28 రోజులు. మా విమానానికి 22 రోజులుంది. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. హెపటైటిస్ ఎ అయితే మీలో అసలు గడే లేదు. దానికీ రెండు డోసులు, మధ్య ఆరు నెలల ఎడం. చిన్నోడి కుడిచెయ్యి భారత్‌ది, ఎడమచెయ్యి అమెరికాది అని మా ఆయన జోకు వేశారు. నాకు నవ్వు రాలేదు, వాడికి అసలే రాలేదు.

అన్నిటికంటే పోలియో చుక్కల దగ్గరే నా మనసు నొచ్చుకుంది. ఆదివారం పొద్దున్నే వీణ్ని చంకనేసుకుని బూత్‌కి వెళ్లి, చుక్కలు వేయించి, ఎడమచేతి చిటికెన వేలికి సిరా పెట్టించుకుని, ఆ వేలు ఊరంతా చూపించుకుంటూ వచ్చేవాళ్లం. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో, హౌరాలో. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకి సర్టిఫికెట్ ఇచ్చింది. అంత గొప్ప చుక్కలు! 2016 ఏప్రిల్‌లో వాటిలోంచి రెండో రకం వైరస్‌ని తీసేశారు కాబట్టి, ఆ తర్వాత వేసిన చుక్కలేవీ అమెరికా లెక్కలో లేవు. సూదిగా వేస్తేనే లెక్క. వీడి భుజం మీద టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా మచ్చ శనగ్గింజంత ఉంది. చొక్కా ఎత్తి వీడియోలో చూపించాను. "ఈ టీకా మేం వెయ్యం, మాకు అక్కర్లేదు" అన్నారు. పైగా దీనివల్ల టీబీ చర్మపరీక్ష చేస్తే ఉత్తినే పొంగే అవకాశం ఉందట, రక్తపరీక్ష మేలట. మళ్లీ సూదే!

నాకు అర్థమైందేమిటంటే, ఒంట్లోకి వెళ్లిన మందుకు సాక్షి ఒళ్లు కాదు, తమరు. ప్రతి సూదికీ వీణ్ని ఒళ్లో గట్టిగా పట్టుకున్నది నేను. రాత్రంతా జ్వరానికి తడిగుడ్డ వేసింది అత్తయ్య గారు. "అన్నీ వేయించామండీ, నాకు బాగా గుర్తు" అంటే ఆ నర్సు ఎంతో మర్యాదగా, "మాటలు కుదరవు, కాగితం కావాలి" అంది.

ఒక్క ఆటలమ్మకి తప్ప.

మూడో ఏట వీడికి ఆటలమ్మ పోసింది. అత్తయ్య గారు గుమ్మానికి వేపమండలు కట్టి, పోపు వాసన రాకుండా వారం రోజులు చప్పిడి కూరలు పెట్టారు. ఆ టీకా సర్కారు జాబితాలో లేదు, మేమూ వేయించలేదు. ఇప్పుడు రెండు డోసులు అడుగుతారని భయపడుతూనే సంగతి చెప్పాను. నర్సు, "వచ్చి తగ్గిందా? అయితే టీకా అక్కర్లేదు. వచ్చిందని తల్లి రాసి సంతకం పెడితే చాలు, టెక్సాస్ ఒప్పుకుంటుంది" అంది. ఇన్ని సూదులకు చెల్లని నా మాట అమ్మవారి విషయంలో చెల్లిందండీ! అత్తయ్య గారైతే ఆ నర్సమ్మకి ఒక జాకెట్ ముక్క పంపుదామంటున్నారు.

రాత్రి కూర్చుని తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాశాను. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాశాను, ఎందుకైనా మంచిదని. ఆ కాగితం మీ పక్కనే, అదే జిప్పులో పెడుతున్నాను. కాస్త సర్దుకుని చోటివ్వగలరు.

ఇట్లు,
చిన్నోడి అమ్మ

తా.క.: పొద్దున లేచి చూస్తే ఆ కాగితం టేబుల్ మీద లేదు. మావయ్య గారి చెప్పులు కూడా గుమ్మంలో లేవు. జిరాక్స్ షాపు తొమ్మిదింటికి తీస్తాడు. పరుగెడుతున్నాను.